బోడి కోళ్లు

గ్లెనిస్ రోజూ సాయంత్రం ఎనిమిది కోళ్లను ఒక్కొక్కటే చేత్తో ఎత్తి గూట్లో పెడుతుంది. ఫారంలో ఇనుప బోనుల్లోనే బతికిన వాటికి వాలు చెక్క ఎక్కి గూట్లోకి పోవాలని తెలియదు. గుడ్లు తగ్గాయని ఫారం వాళ్లు కోతకు పంపబోతుంటే అయిదు రోజుల కిందట ఆమె తెచ్చుకుంది. మెడ మీదా వీపు మీదా ఈకలు లేక ఎర్రటి తోలు కనిపిస్తోంది.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊరి చివర సంఘం తోటలో తలా ఒక మడి అద్దెకు తీసుకుని కూరలు పండిస్తారు; కోళ్ల గూడు గ్లెనిస్ మడిలోనే ఉంది. శనివారం ఉత్తమ తోటల పోటీ అనగా, శుక్రవారం సంఘం కార్యదర్శి క్లిఫర్డ్ టార్పాలిన్ చంకన పెట్టుకుని వచ్చాడు.

“రేపొక్క పూట వీటిని గూట్లోనే ఉంచి పైన ఇది కప్పు గ్లెనిస్. జడ్జీలు చూస్తే ఈకలు మనమే పీకామనుకుంటారు.”

“పీకిన ఆ ఫారం వాళ్ల దగ్గర కొన్న గుడ్లు పొద్దున్నే తినొచ్చావు కదా. అప్పుడు రాలేదా సిగ్గు?”

“నలభై మందిమి కష్టపడ్డాం. అదంతా నీ బోడి కోళ్ల పాలు చెయ్యకు.”

“ఏడాదిన్నర ఎండ మొహం చూడలేదవి. మళ్లీ నా చేత్తో చీకట్లో పెట్టను. నీ గుమ్మడికాయల మీద కప్పుకో, అవీ బోడివే.”

“పోటీ పోతే మడి ఖాళీ చెయ్యమని నోటీసిస్తాను.”

“ఇప్పుడే రాసివ్వు. గూట్లో పరవడానికి కాగితాలు చాలడం లేదు.”

ఆమె టార్పాలిన్‌ను కంచె అవతలికి విసిరేసింది.

జడ్జీలు వచ్చేసరికి ఎనిమిది కోళ్లూ ఎండలో మట్టి గీరుతున్నాయి. తోటకు మూడో స్థానం వచ్చింది. సోమవారం గ్లెనిస్‌కు నోటీసు అందింది. మడి ఖాళీ చెయ్యడానికి ఇరవై ఎనిమిది రోజులు గడువు.