కూలర్ రేకు కవచం

భిలాయి సెక్టర్ 6లో తెలుగువాళ్ళు ఏటా ఉగాదికి నాటకం వేసేవారు. అందులో సత్యారావు తప్పకుండా చచ్చిపోయేవాడు. మనిషి ఆరడుగుల పొడగరి, గొంతు మైకు అక్కర్లేనంత పెద్దది, డైలాగులు మాత్రం నోట నిలవవు. అందుకని నాటకాలు రాసి ఆడించే గురునాథరావు అతని చేత నాలుగు ముక్కలు అరిపించి, రెండో రంగంలోనే కత్తికి బలిచ్చేసేవాడు. చావడం గురించి సత్యారావుకి ఏ బాధా లేదు. అతని బాధంతా కవచం గురించే.

అది అట్ట కవచం. బట్టల కొట్టు అట్టపెట్టెలు కత్తిరించి, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం పైన అంటించేవారు. తొంభై రెండు ఉగాదికి శత్రువు పొడిచిన చెక్క కత్తి అందులోకి దిగి ఇరుక్కుపోయింది. శత్రువు అటు లాగుతాడు, సత్యారావు ఇటు లాగుతాడు. ఇద్దరూ అలా పేకాటలో ముక్క లాక్కున్నట్టు లాక్కుంటుంటే జనం ఈలలు వేశారు.

"ఊరంతా ఉక్కు చేస్తన్నాం. నా గుండెకి అట్టముక్కా గురునాథరావుగారూ?" అని అడిగాడు మర్నాడు.

"సంఘం దగ్గర పైసా లేదోయ్. వచ్చే ఏడు కోట నాటకం. ఆరువందల ఏళ్ళ నాటి సేనాధిపతివి నువ్వే. నిజం కవచం కావాలంటే నువ్వే చేసుకో, ఎవడొద్దన్నాడు?"

గురునాథరావు వేళాకోళానికి అన్న మాట అది. సత్యారావు ఆజ్ఞలా తీసుకున్నాడు.

ఉక్కు ప్లాంటులో అతను క్రేన్ ఆపరేటరు. పైన కేబిన్లో కూర్చుని ఎర్రగా కాలే ఉక్కు దిమ్మల్ని పువ్వుల్లా ఎత్తి దింపేవాడు. ఇంట్లో మాత్రం గోడకి మేకు కొట్టి ఎరగడు. ఫ్యూజు పోయినా, స్టవ్ మొరాయించినా భార్య తాయారమ్మే చూసుకునేది. వీధిలో సగం మంది ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది కూడా ఆవిడే.

ప్లాంటులో గుట్టల కొద్దీ ఇనుము ఉన్నా అందులోంచి మొల కూడా బయటికి రాదు, రాకూడదు. బజార్లో కొత్త రేకు ధర విని సత్యారావు తిరిగొచ్చేశాడు. వరండాలో కూర్చుని ఆలోచిస్తుంటే ఎదురుగా పాత కూలర్ కనిపించింది. అరువు తెచ్చిన రేకు కత్తెరతో పని మొదలుపెట్టాడు.

కోహ్కాలో చెల్లెలింటికి వెళ్ళిన తాయారమ్మ తిరిగొచ్చేసరికి కూలర్ ఒంటిమీద బట్టల్లేనట్టు నిలబడి ఉంది. లోపలి ఫ్యానూ, నీళ్ళ తొట్టీ వీధికంతటికీ కనిపిస్తున్నాయి.

"ఏటండీ ఇది?"

"తుప్పట్టీసింది కదే."

"తుప్పు కిందని పట్టింది. మీరు మీదని కోసీసినారు."

అతను అప్పటికే రేకుని గ్యాస్ సిలిండరు చుట్టూ వంచే ప్రయత్నంలో ఉన్నాడు. వంగింది కూడా. తీరా తొడుక్కుంటే ఒక పక్క చంకలో కోసుకుంటోంది, ఇంకో పక్క పిడికిలి దూరేంత ఖాళీ.

తాయారమ్మ కాసేపు తేరిపార చూసింది. "సిలిండరుకయితే బాగా అతికింది. వేషం దానికే ఇచ్చీమనండి," అంది.

అన్నదే కానీ ఆవిడ చేయి ఊరుకోలేదు. మర్నాడు టేపూ, పాత పేపర్లూ, గుండుసూదులూ పట్టుకుని వరండాలోకి వచ్చింది. "రేకైతే ఏటి, గుడ్డయితే ఏటి? ఒంటికి తొడిగీదే కదా. చేతులెత్తండి," అంది. సత్యారావు చేతులెత్తి నిలబడ్డాడు. ఆవిడ అతని చుట్టూ తిరుగుతూ పేపర్లు గుచ్చి, చంకల దగ్గర గుండ్రంగా కత్తిరించింది. సైకిలు మీద పోతున్న పక్క క్వార్టర్ ఛత్తీస్‌గఢీ ఆయన కాలు కింద పెట్టి ఆగాడు.

"కా హోగే భయ్యా? బిలౌజ్ సిలవావత్ హస్ కా?"

జాకెట్టు కుట్టించుకుంటున్నావా అని ఆ అడగడం. సేనాధిపతి చేతులు దించబోయాడు. "కదలకండి!" అంది తాయారమ్మ.

పేపరు కొలతల ప్రకారం రేకు కోశాక దాన్ని సుత్తితో ఒంటి వంపుకి తేవాలి. ఆ చప్పుడుకి నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న వాళ్ళందరూ లేచి గేటు ముందు చేరారు. దాంతో సరంజామా సైకిలుకి కట్టుకుని హథ్‌ఖోజ్ వెళ్ళాడు. అక్కడ చిన్న వర్క్‌షాపు నడుపుతున్న శంకరరావుది సత్యారావు అత్తవారి ఊరే. ఓ మూల గుంట తీసిన చెక్క మొద్దు చూపించాడు.

"బలం సూపించకు బావా. గుంట మీద పెట్టి పక్కపక్కనే సిన్న దెబ్బలేసుకుంటా రా. అదే దిగుతాది."

సత్యారావు బలమే చూపించాడు. మొదటి భుజం ముక్క ఉప్మా మూకుడులా తేలింది. తాయారమ్మ దాన్ని తులసి కుండీ కింద పెట్టుకుంది. రెండోది మూకుడుకీ భుజానికీ మధ్యలో ఆగింది. ఆదివారాలు గడిచే కొద్దీ దెబ్బ మెత్తబడింది, రేకు మాట వినసాగింది. అంచులు కోసుకోకుండా మడిచాడు. అరిగిన చెప్పుల తోలు చీల్చి, రివిట్లు కొట్టి పట్టీలు బిగించాడు. అంతా అయ్యాక గరుకు కాగితంతో రుద్ది, తొడుక్కుని, బీరువా అద్దం ముందు నుంచుని టీ తాగాడు. తీయమంటే తీయలేదు.

ఉగాది నాడు అతను స్టేజీ మీదకి రాగానే జనం ఈసారి ఈలలు మాని, మెడలు చాచి చూశారు. శత్రువు కత్తి ఛాతీకి తగిలి ఖంగుమంది. సత్యారావు గర్వంగా అరిచి, వెల్లకిలా పడ్డాడు. ఆ చప్పుడుకి ముందు వరసలో చంటిపిల్ల ఏడుపు అందుకుంది.

తెర పడింది. సత్యారావు లేవలేదు. మెడ నుంచి తొడల దాకా ఒకటే రేకు, ఎక్కడా వంగదు. తిరగబడ్డ తాబేలులా కాళ్ళు ఆడిస్తున్నాడు. ఇద్దరు వచ్చి చెరో చేయీ పట్టి లాగుతుండగానే తెర లేచిపోయింది. తరువాతి రంగం రాకుమార్తె పెళ్ళి. ఆ ఇద్దరూ పారిపోయారు.

మహారాజు వేషంలో ఉన్న గురునాథరావు శవాన్ని దాటి ముందుకొచ్చాడు. "మా సేనాధిపతి... అలసి విశ్రమించుచున్నాడు. శుభకార్యము కానిండు!" అన్నాడు.

"లెగలేకపోతన్నాను బాబూ," అని గొణిగాడు సత్యారావు. అతని గొణుగుడు చివరి బెంచీ దాకా వినిపించింది.

నవ్వులు ఆగలేదు. అప్పుడు జనంలోంచి తాయారమ్మ లేచి, కొంగు దోపుకుని స్టేజీ ఎక్కింది. ఎవరి వంకా చూడకుండా భుజాల దగ్గర పట్టీలు విప్పి, పై రేకు ఎత్తి, మొగుణ్ణి చేయి పట్టి లేపి లోపలికి తీసుకుపోయింది. ఆ ఏడు పెద్ద చప్పట్లు ఆవిడకే పడ్డాయి.

సత్యారావు ఇంటికొచ్చి కవచాన్ని మంచం కిందకి తోసేశాడు. అద్దం వైపు కూడా చూడలేదు. కొన్నాళ్ళు డ్యూటీకి కూడా వెనక సందులోంచే వెళ్ళాడు. ప్లాంటులో కింద నుంచి ఎవరైనా "సేనాధిపతిగారూ!" అని కేకేస్తే కేబిన్ అద్దం మూసుకునేవాడు.

ఓ ఆదివారం తాయారమ్మే దాన్ని బయటికి లాగింది. "తప్పు నాదేనండి. నడుం కాడ కొయ్యలేదు. జాకెట్టూ లంగా ఒకే ముక్కన కుట్టీస్తే ఎవులు కూకోగలరు? లెగండి, శంకర్రావన్న కాడికి ఎల్దాం," అంది.

అతను నమ్మనట్టు చూశాడు. ఆవిడ అప్పటికే చెప్పులు తొడుక్కుంది.

నడుం దగ్గర కోసి, కింద భాగాన్ని అడ్డ పట్టీలుగా చేసి, ఒకదాని మీద ఒకటి చీర కుచ్చిళ్ళలా జారేలా తోలుకి బిగించారు. సత్యారావు వంగాడు, కూర్చున్నాడు, వర్క్‌షాపు నేల మీద పడుకుని తనంతట తనే లేచాడు. శంకరరావు లేతు మిషను ఆపి మరీ చూశాడు.

అతని దగ్గరికి ఏదో పనిమీద వచ్చిన దుర్గ్ రామ్‌లీలా వాళ్ళు కూడా చూశారు. ఆ దసరాకి రావణుడికొకటి చేసి పెట్టమన్నారు. తరువాత కుంభకర్ణుడు వచ్చాడు, ఆ వెనక లంక సైన్యం సగం వచ్చింది. రేకు వాళ్ళే తెచ్చుకునేవారు, పాత డ్రమ్ములదో, విరిగిన కూలర్లదో. కొలతలు తాయారమ్మవి, సుత్తి సత్యారావుది. ఎంత పేరున్న రాక్షసుడైనా ఆవిడ టేపు ముందు చేతులెత్తి నుంచోవలసిందే.

వాళ్ళ రావణుడు కాస్త బొద్దుమనిషి. కొలత ఇస్తూ ఒకసారి బతిమాలాడు. "దీదీ, సాంస్ లేనే కీ జగహ్ రఖ్‌నా."

ఊపిరాడేంత చోటు ఉంచమని. తాయారమ్మ పళ్ళ మధ్య గుండుసూది తీయకుండానే, తనకొచ్చిన హిందీలో జవాబిచ్చింది.

"డైలాగ్ కమ్ బోలో భయ్యా. సాంస్ బహుత్ ఆయేగా."

డైలాగులు తగ్గించుకుంటే ఊపిరి బోలెడంత ఆడుతుందని.