మజ్జిగ ముందు చెప్పిన మాటలు

అన్నంలో ఏదో కలిపి మొగుణ్ణి కొంగుకు కట్టుకునే ఆడవాళ్ళు ఉంటారని అరవదేశంలోని మా రాజపాళయంలో గట్టి నమ్మకం. అలా కలిపేదాన్ని మరుందు అంటారు. నేను కాపురానికి వచ్చిన పదేళ్ళకు మా అత్తకు ఆ అనుమానం పుట్టింది. రోజూ సాయంత్రం తన పక్కన అరుగు మీద కూర్చునే కొడుకు ఆ ఏడు కూర్చోవడం మానేశారు. మాటా తగ్గించేశారు. ఒకరోజు అత్త నా పెట్టె వెతికితే సేత్తూరు నుంచి మా అమ్మ పంపిన పొట్లం దొరికింది. కడుపునొప్పికి శొంఠి, వాము దంచిన పొడి. మా ఆయన ముందే విప్పి వాసన చూసింది.

"పదేండ్లుగా లేని మూగతనం వానికి ఇప్పుడేంది? ఏం మరుందు పెట్టినావు?"

ఆయన పొట్లం వంక చూశారు, నా వంక చూశారు. ఆ రెండో చూపే నన్ను తొలిచేసింది.

ఆ నెలలోనే ఒక అరవ నాటకం కంపెనీ వచ్చి ఊళ్ళో కొట్టాయి, అంటే నాటకాల పాక, వేసింది. మా ఇళ్ళ ఆడవాళ్ళు వెళ్ళే అలవాటు లేదు. ఆయన మాత్రం నాలుగుసార్లు చూసి, అక్కడ అమ్మే నాటకం పుస్తకం కూడా కొనుక్కొచ్చారు. అందులో రాజు పాలగిన్నె పట్టుకుని ఒంటరిగా మాట్లాడే చోటు ఊరంతా పాకిపోయింది. కాఫీ కొట్లో గ్లాసు అందుకున్నవాడల్లా ఆ రాజే. అందరూ నవ్వుకునేవారట.

మా ఇంట్లో నవ్వు లేదు. మధ్యాహ్నం ఆయనకు వడ్డించి నేను తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని. చివర్న మజ్జిగ చెంబు ఎత్తి ఆయన ఆ అరవం మాటలు మెల్లగా చెప్పుకునేవారు. నిన్ను కలిపిన చేయి ఎవరిది, ఆ చేతి వెనక మనసు ఎలాంటిది, చూద్దామంటే కన్ను చాలడం లేదే అని వాటి అర్థం. చెప్పి, గటగటా తాగేసి, ఆకులో నాకు రెండు ముద్దలు వదిలి లేచేవారు. మొగుడు తిన్న ఆకులో పెళ్ళాం తినడం మా పద్ధతి. ఆ ముద్దలు ప్రేమతో వదిలినవే అనుకునేదాన్ని అంతవరకూ. ఇప్పుడు, నేను తింటానా లేదా అని చూడ్డానికేమో అనిపించింది. ఆయనకు కనబడేలా కూర్చుని తినడం మొదలుపెట్టాను.

ఒకసారి అడిగేశాను.

"ఎవురితో మాట్లాడుతుండారు?"

"ఎవురితోనూ లేదు. రాజు తనలో తాను చెప్పుకునేది అది. పక్కన ఉండేవాళ్ళకు వినపడదు."

"నాకు వినపడతా ఉండాదే."

ఆయన చేయి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

యుద్ధం రోజుల్లో విషజ్వరం వచ్చి పోయారు. ఆఖరి వారంలో కూడా నా చేతి గంజి ముందు ఆ మాటలే చెప్పి, తాగారు. శవం దగ్గర అత్త నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన మరుసటి ఏడు నా కూతురు పలక మీద నాకు అరవం అక్షరాలు నేర్పింది. తెలుగు ఆ తర్వాత. అప్పటికి నలభై దాటాను. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే ఆయన పెట్టెలోంచి ఆ పుస్తకం తీశాను. నన్ను అనడానికి ఆయన సొంతంగా ఏ మాట కలిపారో పట్టుకోవాలని నా ఆశ. ఒక్క పేజీకి రెండు రోజులు పట్టింది. ఒక్క మాటా కలపలేదు. రాజు అనుమానం కూడా పెళ్ళాం మీద కాదు, మంత్రి మీద.

మాటల కింద చిన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది. రాజు పాలు నేలమీద పారబోసి వెళ్ళును.

వేలు అక్కడే ఆగిపోయింది. నాలుగుసార్లు చూసిన మనిషికి అది తెలియదా? ఒక్కరోజు కూడా ఆయన పారబోయలేదు. నన్ను నమ్మి తాగారా, మరుందు ఉంటే ఉండనీ అని తాగారా? ఆ సంగతి పుస్తకంలో లేదు.

ఆ మధ్యాహ్నం అత్తకు మజ్జిగ ఇచ్చాను. ఎప్పటిలాగే ముందు వాసన చూసింది. నేను తలుపు వెనక్కి పోలేదు. ఆవిడ తాగేదాకా ఎదురుగానే నిలబడ్డాను.