అబ్బా గొంతు పట్టిన మైకు

మా ఇంట్లో దయ్యాల కబుర్లు ఎవరూ చెప్పుకునేవారు కాదు. మేము అమ్మని అమ్మీ అని, నాన్నని అబ్బా అని పిలిచేవాళ్లం. మైకు కట్టిన ఆటోలో ఏళ్ల తరబడి బెజవాడ చుట్టూ తిరిగిన మనిషి ఆయన. శ్మశానాల పక్కనుంచి, కబరస్తాన్ గోడల వెంట వెళ్లని రోజు లేదు. దారిలో తనని ఆపినవాళ్లంతా బతికున్నవాళ్లేనని చెప్పి నవ్వేవారు. నేనూ అలాంటి నమ్మకాలేవీ లేకుండానే పెరిగాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అయినా దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

అబ్బా పేరు కరీముల్లా. వన్ టౌన్‌లో మైకు కరీముల్లా అంటేనే గుర్తుపట్టేవారు. చీరల షాపుల్లో తగ్గింపు ధరలు, ఊళ్లోకి వచ్చిన సర్కస్, కుళాయి నీళ్లు రాని రోజులు, అన్నీ జనానికి ఆయన గొంతులోనే తెలిసేవి. దసరా రోజుల్లో అమ్మవారి గుడి కొండ కింద తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేవారు. పిల్ల దొరికాక తల్లులు వచ్చి ఆయన చేతులు పట్టుకుని ఏడవడం నేను చూశాను. స్కూల్లో నన్ను షాహీనా అని కాకుండా మైకాయన కూతురు అనేవారు. నాకు అదే గొప్పగా ఉండేది.

కొన్నేళ్లకి ఆయన గొంతులో పుండు లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు. ఊపిరి ఆడేది దాని గుండానే. గాలి నోటిదాకా రాదు కాబట్టి మాటే కాదు, గుసగుస కూడా రాదని డాక్టరు గారు ముందే చెప్పారు. అలాగే అయింది. పెదాలు కదిలేవి, చప్పుడు ఉండేది కాదు. ఆటో అమ్మేశారు. మెడకి పల్చటి నూలు రుమాలు కట్టుకుని భవానీపురంలో మా ఇంటికే పరిమితమైపోయారు. పాత స్నేహితులు ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు.

నేను అప్పుడు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త. పాడ్‌కాస్ట్ అనే మాట మా ఊళ్లో ఇంకా పెద్దగా ఎవరికీ తెలియదు. ఇంట్లో కూర్చుని మాట్లాడి, రికార్డు చేసి నెట్‌లో పెడితే ఎక్కడివాళ్లైనా వింటారని తెలిసి నాకు ఆశ పుట్టింది. గాజుల కొట్టువాళ్లు, నేతపనివాళ్లు, ఉయ్యూరు చెరుకు రైతులు, ఇలా మన చుట్టూ ఉన్నవాళ్ల సంగతులు చెప్పాలనుకున్నాను.

హెడ్‌ఫోన్‌తో పాటు వచ్చిన చిన్న మైకుతో ఒకటి రెండు భాగాలు రికార్డు చేసి పెట్టి చూశాను. ప అన్నప్పుడల్లా ఢప్పుమని గాలి చప్పుడు, వెనకాల ఫ్యాను రొద. బావిలోంచి మాట్లాడుతున్నట్టుందని విన్న ఒకావిడ రాసింది. మంచి మైకు కొనాలి, నా జీతానికి అందేది కొనాలి. ఆ మాట అమ్మీతో అంటుంటే లోపలి గదిలోంచి అబ్బా చొక్కా మార్చుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆపరేషన్ తర్వాత ఆస్పత్రికి తప్ప ఆయన బయటికి రావడం అదే మొదలు.

మైకు కొనడానికి పొద్దున్నే ఇద్దరం ఆటోలో వెళ్తూ, కార్యక్రమానికి ఏం పేరు పెట్టాలని ఆయన్ని అడిగాను. నేను చెప్పిన పేర్లన్నిటికీ అడ్డంగా తల ఊపారు. 'కాలవగట్టు కబుర్లు' అనగానే బొటనవేలు పైకెత్తారు. ఆ పేరు మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అమ్మీకి కూడా చెప్పలేదు. ఈ సంగతి ముఖ్యం కాబట్టి రాస్తున్నాను.

గవర్నర్‌పేటలో మేము వెళ్లిన కంప్యూటర్ షాపు నడిపే రాంబాబు గారు ఓపికగల మనిషి. మా ఇద్దరినీ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పాత రకం పిన్ను మైకులైతే కంప్యూటర్‌లోని గుర్రుమనే చప్పుడు కూడా కలుస్తుందని, యూఎస్‌బీ మైకు అయితే ఆ గొడవ ఉండదని చెప్పారు. తన దగ్గరున్న వాటిలో రెండు తీసి బల్లమీద పెట్టారు. ఒకటి వెండిరంగులో పొడవుగా, బరువుగా ఉంది. రెండోది నల్లగా, చేత్తో పట్టుకునే మామూలు మైకులా ఉంది. ధర కూడా తక్కువ.

అబ్బాకి వెండిరంగుదే నచ్చింది. బరువున్నదే మంచి మైకని ఆయన లెక్క. చేతిలో అటూ ఇటూ తిప్పి, ఆంప్లిఫయర్ ఏదని సైగ చేశారు. అక్కర్లేదని నేను చెబితే ఆయనకి నమ్మబుద్ధి కాలేదు.

రెండిటిలోనూ నేను మాట్లాడితే రాంబాబు గారు ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి వినిపించారు. వెండిరంగు దాంట్లో నా గొంతుతో పాటు రోడ్డుమీద ఆటో హారన్లు, పక్క కొట్లో గ్లాసుల చప్పుడు కూడా పడ్డాయి. నల్లదాంట్లో నా గొంతు ఒక్కటే వచ్చింది. అది నోటి దగ్గర మాటే పట్టుకుంటుందని, రోడ్డు పక్క ఇంటికి అదే సరిపోతుందని ఆయన వివరించారు. అబ్బా కాసేపు ఆలోచించి సరేనన్నట్టు తల ఊపారు.

నల్లదాంట్లో నాతో ఇంకోసారి మాట్లాడించాక రాంబాబు గారు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ వైపు తిరిగి ఏవో సరిచేస్తున్నారు. రికార్డింగు ఇంకా ఆపలేదు. అబ్బా ఆ నల్ల మైకు తీసుకుని, అలవాటుగా నోటికి కొంచెం వారగా పట్టుకున్నారు. పెదాలు కదిలాయి. పక్కనే నిలబడ్డాను. నాకేమీ వినపడలేదు. ఆయన అలా చేయడం చూడలేక నేను రోడ్డు వైపు తిరిగాను.

అప్పుడు రాంబాబు గారు హెడ్‌ఫోన్ తీయకుండానే అన్నారు. "మీది కూడా బానే ఉందమ్మా. కానీ నాన్నగారిది అసలైన మైకు గొంతండీ."

ఆయన పొరపాటు పడ్డారనుకున్నాను. దగ్గరికెళ్లి, మా నాన్నగారు మాట్లాడలేరని మెల్లగా చెప్పాను. ఆయన నా మొహం చూశారు, అబ్బా మెడకున్న రుమాలు చూశారు. హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చి, రికార్డు చేసింది మొదటినుంచి పెట్టారు. ముందు నా మాటలు. కొంచెం ఖాళీ. తర్వాత అబ్బా.

"బెజవాడ పురప్రజలకు మనవి. మా అమ్మాయి షాహీనా మీకోసం కాలవగట్టు కబుర్లు చెబుతుంది. పనులు చేసుకుంటూనే వినండి. తప్పక వినండి."

వన్ టౌన్ సందుల్లో మోగిన గొంతే. జబ్బు రాకముందు ఎలా ఉండేదో అలాగే, 'తప్పక' దగ్గర కొంచెం సాగదీస్తూ. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన ఎన్నడూ నన్ను నోటితో మెచ్చుకున్న మనిషి కాదు. నా పేరు మైకులో చెప్పడం అదే మొదటిసారి.

హెడ్‌ఫోన్ అబ్బాకి పెట్టాను. రెండు చేతులతో చెవులకి అదుముకుని ఆఖరిదాకా విన్నారు. కళ్లు తడయ్యాయి. సౌండు కొంచెం ఎక్కువైందని రాంబాబు గారికి వేలితో చూపించారు. రాంబాబు గారు బయటికెళ్లి, ఎవరైనా ప్రచారం ఆటో వెళ్లిందా అని పక్క షాపుల్లో అడిగి వచ్చారు. ఏదీ వెళ్లలేదు.

మైకు కొని, ఆ రికార్డింగుని పెన్ డ్రైవ్‌లో వేయించుకుని ఇంటికి వచ్చాం. అమ్మీకి ఏమీ చెప్పకుండా కంప్యూటర్‌లో పెట్టాను. ఆమె వంటగదిలో బియ్యం కడుగుతోంది.

"ఎవరు వచ్చారండీ? ఎవరితో మాట్లాడుతున్నారు?" అని లోపలినుంచే మామూలుగా అడిగింది. వెంటనే నీళ్ల చప్పుడు ఆగిపోయింది. తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, కంప్యూటర్ వైపు కాదు, అబ్బా వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ మైకు ముందు ఇంట్లో అబ్బా మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. పెదాల తడి చప్పుడు తప్ప ఏమీ పడలేదు. నేను బెంగపడ్డాను గానీ ఆయన పడలేదు. ఆస్పత్రికి వెళ్లినప్పుడు డాక్టరు గారికి వినిపించాను. ఆయన రెండోసారి పెట్టమని, అబ్బా మెడని మళ్లీ పరీక్ష చేసి, ఈ గొంతులోంచి శబ్దం వచ్చే అవకాశమే లేదన్నారు. పాత ప్రకటన ఏదో కలిసి ఉంటుందన్నారు. కార్యక్రమం పేరు మైకు కొన్న రోజు పొద్దున్నే పెట్టుకున్నదని చెప్పాను.

ప్రతి భాగం మొదట్లోనూ ఆ ప్రకటనే పెట్టాను. ఆ గొంతు ఎవరిదని విన్నవాళ్లు రాసేవారు. మా నాన్నగారిది అని జవాబు రాసేదాన్ని. అది రాస్తున్నప్పుడల్లా స్కూల్లో ఉన్నంత గర్వంగా ఉండేది. కొన్నాళ్లకి వన్ టౌన్ నుంచి ఒక చీరల వ్యాపారి వెతుక్కుంటూ వచ్చి, "కరీముల్లా, గొంతు తిరిగొచ్చిందటగా" అన్నారు. అబ్బా లోపలికి వెళ్లలేదు. కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టి, అమ్మీకి టీ పెట్టమని సైగ చేశారు.

ఆ మాటలు మైకులోకి ఎలా వెళ్లాయో ఇన్నేళ్లైనా నాకు అంతుపట్టలేదు. కంప్యూటర్ తెలిసినవాళ్లని అడిగాను, వాళ్లూ చెప్పలేకపోయారు. అబ్బాని అడిగితే ఆయన భుజాలు ఎగరేసి, ఇంకోసారి పెట్టమని వేలు గుండ్రంగా తిప్పేవారు.