కార్తీకంలో ఎండుచేపలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు మా ఇంట్లో. నిజమే. కానీ మా మేడ మీద అద్దెకున్న మనిషి మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా, అమ్మ ముఖం గుర్తొచ్చి సగంలోనే నీరుగారిపోతాను.

ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. శ్రీకాకుళం వైపు మనిషి. ఇంటెలిజెన్స్ ఆఫీసులో పెద్ద ఉద్యోగి. పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ మీద వచ్చి, అడిగి మరీ ఇక్కడే ఉండిపోయాడు. ఊళ్లో మిడిల్ పాయింట్ అనే పేటలో కింద మా కిరాణా కొట్టూ ఇల్లూ, పైన ఆయన గది. పెళ్లి లేదు, పిల్లల్లేరు. రాత్రి భోజనం మాతోనే. ఆఫీసులో ఏం చేస్తాడో ఆయన చెప్పేవాడు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు.

సునామీ వచ్చిన రోజు అమ్మ హార్బరుకు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో పిన్ని ఇంట్లో ఉంది. ఫెర్రీలు ఆగిపోయాయి, ఫోన్లు లేవు. నేను గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే అన్నయ్య ఎవరిదో జీపు అడిగి తీసుకుని, చుట్టూ తిరిగి రోడ్డు మీద వెళ్లాడు. రోడ్డు మునిగినచోట జీపు వదిలేసి, నడుం లోతు నీళ్లలో అమ్మను వీపున మోసుకుని తెచ్చాడు. ఆ రోజు నుంచి అమ్మకు ఆయన కన్నకొడుకే. చేప తోక నాకు, నడిమి ముక్క ఆయనకు!

మా దీవుల్లో ఒక పద్ధతుంది. ఎవరైనా ఓడెక్కి వైజాగ్ వెళ్తున్నారంటే చాలు, వీధి వీధంతా మూటలు పట్టుకొచ్చేస్తారు. తీసుకెళ్లేవాళ్లు కాదనరు, విప్పి చూడరు. విప్పితే నిన్ను నమ్మలేదని ముఖాన చెప్పినట్టే. అన్నయ్య కూడా వైజాగ్‌లో ఉన్న వాళ్లక్కకు ఎండుచేపల మూట పంపుతుండేవాడు. అక్కడ ఓడ దగ్గరికి ఆవిడ తరపున ఎవరో వచ్చి తీసుకునేవారు.

ఆ అక్కంటే అమ్మకు మహా ఇది. అమ్మ కార్తీకమంతా దీపాలు పెడుతుంది, నీచు ముట్టదు. అన్నయ్య వచ్చిన కొత్తలో ఆ దీపాలు చూసి, "మా అక్కా ఇంతే పెద్దమ్మా. ఈ నెల్లో నీచు గడప దాటి లోపలికి రానివ్వదు" అన్నాడట. అంతే, చూడని మనిషి మీద అమ్మకు ప్రేమ పుట్టేసింది.

సునామీ అయిన కొన్నేళ్లకు, ఒక కార్తీకంలో మా ఆయన సరుకు కోసం వైజాగ్ బయల్దేరాడు. అన్నయ్య మూట తెచ్చిచ్చి హడావిడిగా ఆఫీసుకు వెళ్లిపోయాడు. అమ్మ వాసన పట్టేసింది.

"అయ్యో రాత! కార్తీకంలో ఆ మహాతల్లికి ఎండుచేపలేటి? మగాడికి ఏం గుర్తుంటాది పాపం. ఇవి తీసేసి కొబ్బరి లౌజు పెడదాం."

"వద్దమ్మా, విప్పకూడదు."

"నా కొడుకు మూట నేను విప్పితే తప్పేటే?"

చేపల అడుగున ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మెమరీ కార్డు ఉంది, గోరంత. కొట్లోని కంప్యూటర్‌లో పెట్టి చూశాం. యుద్ధనౌకల ఫోటోలు, జెట్టీల మ్యాపులు, ఆఫీసు ముద్రలున్న కాగితాలు. మా ఆయన ముఖం పాలిపోయింది. పట్టుబడితే జైలుకెళ్లేది మోసుకెళ్లిన ఆయనే కదా!

"సముద్రంలో పారేద్దాం. ఏమీ తెలీనట్టుందాం" అన్నాను నేను.

అమ్మ కార్డు తీయించి మళ్లీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టింది. తర్వాత లేచింది. "ఇవాళ పారేస్తావు. వచ్చే ఓడకి ఇంకొకళ్ల చేతిలో పెడతాడు. ఆళ్లకి పిల్లల్లేరేటి? పద, నేనే సెప్తాను."

"నిన్ను వీపున మోసుకొచ్చాడే అమ్మా!"

"నాకు తెలీదేటే?" అని అరిచింది. అమ్మ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

అన్నయ్య కంటపడకుండా వాళ్ల పైఅధికారి ఇంటికే వెళ్లాం. ఆయన మేం చెప్పింది విని తల పట్టుకున్నాడు. ఇక్కడి రహస్యాలు ఏళ్ల తరబడి వేరే దేశానికి చేరుతున్నాయట. ఆఫీసులో ప్రతివాణ్ణీ అనుమానించారట, సునామీలో అంతమందికి సాయపడ్డ ఈయన్ని తప్ప. మూట మళ్లీ ఎప్పటిలాగే కట్టించి, మా ఆయన్ని ఓడెక్కమన్నాడు. తోడుగా తన మనిషినొకణ్ణి పంపాడు. అమ్మతో మాత్రం మెల్లగా, "అమ్మాజీ, రోజూలాగే అన్నం పెట్టండి. అంతే చాలు" అన్నాడు.

ఓడ వైజాగ్ చేరేదాకా ఆ రోజులు మేమెలా గడిపామో మాకే తెలుసు. అమ్మ కంద బచ్చలి వండింది, గుమ్మడికాయ పులుసు పెట్టింది, బూరెలు చేసింది. "ఏంటి పెద్దమ్మా, పెళ్లివారొస్తున్నారా?" అని అన్నయ్య నవ్వేవాడు. అమ్మ నెయ్యి తెస్తానని వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకునేది. నాకైతే ఆయన చెంప పగలగొట్టాలనీ ఉండేది, ఇంకో బూరె వడ్డించాలనీ ఉండేది.

వైజాగ్‌లో మూట అందుకున్నవాణ్ణి పట్టుకున్న రోజు సాయంత్రమే పైఅధికారి మనుషులు మా ఇంటికొచ్చారు. అన్నయ్య అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు. వాళ్లను చూడగానే అంతా అర్థమైపోయింది. నిదానంగా చెయ్యి కడుక్కున్నాడు. చెప్పింది నువ్వేనా అన్నట్టు నా వైపు చూశాడు.

"అది కాదు, నేను" అంది అమ్మ. "నేనే సెప్పాను నాయనా. కార్తీకం కదా, మీ అక్కకి లౌజు పెడదామని మూట విప్పాను."

"నాకు అక్క లేదు పెద్దమ్మా. మీరు దీపాలు పెడుతుంటే ముచ్చటేసింది. నాకూ అలాంటివాళ్లొకరు ఉన్నారని చెప్పాలనిపించింది."

అమ్మ తన శాలువా తెచ్చి ఆయన భుజాల మీద కప్పింది. ఢిల్లీ తీసుకెళ్తారనీ, అక్కడ చలి అనీ ఎవరో అంటే విన్నదట. కప్పుతూ కప్పుతూనే ఆయన వీపు మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసింది.

"మరి గుర్తెట్టుకోవద్దట్రా కార్తీకమని!" అంటూ ఆ వీపుకే తల ఆనించి భోరుమంది.