చివరి ఏడు ఫొటోలు

రాక్ కచేరీల్లో ఫొటోగ్రాఫర్లను వేదిక ముందుకు రానిచ్చేది మొదటి మూడు పాటల దాకానే. ఆ తర్వాత మెడపట్టి గెంటినంత పని చేస్తారు. ముప్పై ఏళ్లు అలా మూడేసి పాటలు విని బయటికొచ్చిన మనిషి కాబట్టి ఆయనకు మూడుపాటలాయన అని పేరు పడింది. ఆ హోరుకు చెవులు సగం పోయాయి. ఇంట్లో పిలిస్తే పలికేవాడు కాదు గానీ, చూపు మాత్రం డేగచూపు.

ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క ఫొటో. గిటారు పట్టుకున్న గాయకుడు తలెత్తి పైకి చూస్తుంటాడు, ముఖమంతా వెలుగు. మరుక్షణం పైనున్న లైట్ల చట్రం ఊడి మీద పడి అతని ప్రాణం తీసింది. "గొంతు చించుకుని అరిచాను, ఏం లాభం!" అని ఆయన బతికినన్నాళ్లూ చెప్పాడు. ఆ అరుపు విన్నందుకే భర్త తలెత్తాడని గాయకుడి భార్య నమ్మింది. ఆయన్ని అన్నయ్యా అని పిలిచింది. ఆయన కూతురికి అత్తయింది.

ఆమె వస్తే మాత్రం ఆయన ఏదో పనున్నట్టు ఫొటోలు కడిగే డార్క్‌రూంలోకి దూరేవాడు. ఎవరింటికెళ్లినా కూర్చునే ముందు పైకప్పు చూసేవాడు. చాదస్తమని కూతురు నవ్వేది.

ఆయన పోయిన మూడు నెలలకు, ప్రదర్శన పెడదామని కూతురు బీరువా తెరిచింది. నెగటివ్‌లన్నీ తేదీలవారీగా ఉన్నాయి, ఆ కచేరీ రీలు ఒక్కటి తప్ప. అది పాత బూట్ల డబ్బా అడుగున దొరికింది. ముప్పై ఆరు ఫొటోలనూ ఒకే కాగితం మీద చిన్నగా ప్రింటు చేసి, భూతద్దం పెట్టి చూసింది.

మూడో పాట ముగింపు కోసం ఏడు ఫొటోలు మిగుల్చుకోవడం ఆయన పద్ధతి. ముప్పయ్యో ఫొటోలో చట్రం ఒక మూల బెత్తెడు జారి ఉంది. తర్వాతిదాంట్లో ఇంకాస్త. రీలు చేత్తో తిప్పుకునే కెమెరా అది, ఫొటోకీ ఫొటోకీ మధ్య రెండు క్షణాలైనా పడుతుంది. పైగా ఒక్కో ఫొటోకీ కెమెరా కొంచెం కొంచెం పైకి లేచింది. ఆయన చూశాడు. చూసి, చట్రం కూడా పట్టేలా సర్దుకున్నాడు. పేరు తెచ్చిన చివరి ఫొటోలోనూ అది ఉంది. లోకానికి చూపించేటప్పుడు పైభాగం కత్తిరించేశాడు.

ఏడింటిలో ఒక్కటీ చెయ్యి కదిలి మసకబారలేదు. బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టమని ఆమెకు నేర్పింది ఆయనే. ఊపిరి బిగబట్టినవాడు అరవలేడు. చింపేస్తే నాన్న పేరు నిలుస్తుంది, అత్త నమ్మకమూ నిలుస్తుంది. కాగితం అంచు పట్టుకుంది కూడా.

తలుపు తట్టి అత్త లోపలికొచ్చింది, ప్రదర్శన పనుల్లో సాయం చేద్దామని.

"ఏంటే, ముఖం అలా పాలిపోయింది? నాన్న గుర్తొచ్చాడా?"

"అదేం లేదత్తా."

"ఊరుకోవే. అంతమంది జనంలో మా ఆయన కోసం అరిచింది అన్నయ్య ఒక్కడే. ఆ మాటే పట్టుకుని ఇన్నేళ్లు బతికాను."

అబద్ధం చెప్పడానికి కూతురికి మనసొప్పలేదు. భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టింది.

అత్త చాలాసేపు వంగి చూసింది. తర్వాత చట్రం జారుతున్న చివరి ఫొటోల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఏడు," అంది తలెత్తకుండానే. "అరవడానికి ఎంతసేపు పడుతుందే?"

కూతురు ఊపిరి బిగబట్టి నిలబడింది.