వంద మీద రెండు

మా చెల్లెలు సరిత కొడుకుకు పుట్టువెంట్రుకలు తీయించాలి. భూపాలపల్లిలో, గురువారం, ఒకటిన్నరకు రాహుకాలం మొదలయ్యేలోపు. మా వైపు మేనమామ కొత్తబట్టలు పెట్టి మొదటి కత్తెర వేస్తే తప్ప పిల్లవాడి తల ఎవరూ ముట్టుకోరు. అందుకే బుధవారం సాయంత్రమే జనగామలో బట్టల దుకాణానికి వెళ్లాను. ఉద్యమం జోరుమీదుంది. బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలు ఖాళీ. నా జేబులో దారి ఖర్చులకు సరిపోయే నగదు, కొత్తగా వచ్చిన క్రెడిట్ కార్డు ఉన్నాయి.

చెల్లెలికి చీర, పిల్లవాడికి జత బట్టలు కలిపి పన్నెండు వందలు. కార్డు తీయగానే సేటు వంద మీద రెండు రూపాయలు ఎక్కువవుతుందన్నాడు. బ్యాంకు కోత నా నెత్తిన ఎందుకు రుద్దుతావని అడిగాను.

"నాకు మిగిలేదే గంత సార్. గదీ బ్యాంకోడు కోస్తే నేనేం తినాలె?"

ఎవరి వాటా వాళ్లకు దక్కాలని ఊరంతా కొట్లాడుతున్న రోజులవి. ఇరవై నాలుగు రూపాయలు అప్పనంగా వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. దారిలో మహబూబాబాద్‌లో కొనుక్కుంటానని చెప్పి, ఛాతీ విరుచుకుని ఇల్లు చేరాను.

మామూలుగా అయితే హన్మకొండ మీదుగా బస్సులో పోవచ్చు. సమ్మె వల్ల బస్సుల్లేవు. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి నాకు తెలిసిన ఖాజా జీపు నడుపుతున్నాడని విని గురువారం ఏడింటి రైలెక్కాను. తొమ్మిదింటికి దిగి చూస్తే బజారంతా బంద్. ఇడ్లీ బండి కూడా లేదు. జీపులో పదమూడో మనిషిగా కూర్చున్నాను. సమ్మె రోజులని ఖాజా మనిషికి ఇరవై ఎక్కువ అడిగితే మారుమాట లేకుండా ఇచ్చాను.

గూడూరు దాటాక జనగామలో నా పోరాటం గురించి ఖాజాకు గొప్పగా చెప్పాను.

"నాకు ఇరవై ఎక్కువిచ్చినవ్, నోరెత్తలే," అన్నాడు ఖాజా. "గా సేటు ఏం పాపం చేసిండన్నా?"

జీపంతా నవ్వింది. నేను కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను.

భూపాలపల్లి చేరేసరికి పన్నెండున్నర. క్షౌరం చేసే మల్లయ్య కత్తి నూరి కూర్చున్నాడు. ఆకలికి పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఖాళీ చేతులతో నిలబడి జనగామ బేరం సంగతి చెబితే సరిత ముఖం చిన్నబోయింది. బావ డబ్బులిస్తానన్నాడు గానీ, మేనమామ బట్టలు బావ డబ్బుతో కొంటే ఎట్లా? ఇద్దరం బజారుకు పరుగెత్తాం. ఒక దుకాణాయన బంద్ అంటూనే షట్టరు సగం ఎత్తాడు. జనగామలో చూసినలాంటి చీర, అలాంటి బట్టలే ఎంచుకున్నాం. నేను ముందే కార్డు చూపించి, ఎక్కువ తీసుకుంటావా అని గద్దించాను.

"కార్డుకు రూపాయి ఎక్కువ లేదన్నా. పన్నెండు వందల ఇరవై నాలుగు."

చూశావా అన్నట్టు బావ వైపు తిరిగాను. బావ మెల్లగా, నగదైతే ఎంత అని అడిగాడు.

"పన్నెండు వందలు."

ఆ మాట వినపడనట్టే కార్డు గీకించాను. మిషను మూడోసారికి చీటీ కక్కింది. ఒకటీ ఇరవైకి నేను కత్తెర పట్టాను. పిల్లవాడు నా వేలు పట్టుకుని ఏడుపు ఆపాడు.

మర్నాడు బయలుదేరుతుంటే సరిత టిఫిన్ డబ్బా చేతికిచ్చింది.

"నీ పైసలు నీకు ముద్దేగని, నిన్న బట్టలొచ్చేదాక పిలగాడు ఏడ్చి ఏడ్చి అలిసిపోయిండన్నా."

తిరుగు రైలు మహబూబాబాద్ దాటాక డబ్బా విప్పాను. సకినాల మీద చిన్న గుడ్డమూట. అందులో ఒక ఇరవై నోటు, నాలుగు రూపాయి బిళ్లలు.

జనగామలో దిగి నేరుగా సేటు దగ్గరకు వెళ్లాను. నేను వదిలేసిన చీర ఇంకా వేలాడుతోంది. మా ఆవిడకని అది కట్టించుకుని, కార్డు మీద పడే ఎక్కువకు ఆ మూటలోంచే డబ్బు తీసి, బేరమాడకుండా బల్లమీద పెట్టాను. సేటు నన్ను ఎగాదిగా చూసి, ఇరవై నోటును వెలుతురులో పెట్టి పరీక్షించాడు.