గొయ్యి ఒడ్డున చెప్పులు

ఉదయం ఆరయింది. హరిశ్చంద్రపురం దగ్గర రైలు కట్ట మీద ముసురు పట్టింది. రాత్రి తిన్నది డేనియల్‌కి ఎప్పుడో అరిగిపోయింది. పక్కన కూర్చున్న బావ ఫిలిప్పు క్యారేజీ మూత తీసి, సద్దన్నం వంక చూసి, డేనియల్ వైపు తోశాడు.

"తినీరా. నాకు సయించట్లేదు."

"మూడ్రోజులయింది బావా ఇలగ. అక్కకి సెప్పీమంటావేటి?"

"సెప్పు. సెప్పీసి, నా బదులు నువ్వు దిగు గొట్టంలోకి."

ఉద్దానం ఊళ్ళకి ఏటి నీళ్ళు తీసుకెళ్ళే గొట్టం అది. పట్టాలు కదపకూడదు కనక కట్ట కిందనుంచి పోవాలి. ఇటొక గొయ్యి, అటొక గొయ్యి. లోపల ఒక మనిషి మోకాళ్ళ మీద రెండడుగులు తవ్వి బయటికొస్తే, జాకీలు గొట్టాన్ని రెండడుగులు ముందుకి నెడతాయి. మళ్ళీ లోపలికి. నెలన్నరగా ఇదే పని.

ఫిలిప్పు అయిదో తరగతిలో బడి మానేశాడు. పలాసలో జీడిబట్టీ దగ్గర కొన్నాళ్ళు, తర్వాత పదకొండేళ్ళు పట్నాల్లో మెట్రో సొరంగాలు. "అక్కడ మిషను తవ్వేది, మనం ఎనకాల రింగులు బిగించీవోళ్ళం. ఇక్కడ మిషను మనవే," అనేవాడు. ఆ మెట్రో సొరంగాల్లో ఒంటేలుకి పోవాలంటే రెండు కిలోమీటర్లు వెనక్కి నడవాలి. అందుకని అంత ఉక్కలోనూ నీళ్ళు తాగడం మానుకున్నాడు. ఇప్పుడు పాదాలు వాచాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట పూడడం లేదు. ఉద్దానంలో ఆ గుంట సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఫిలిప్పు తమ్ముడు కిడ్నీలు పాడై, రక్తం శుద్ధి చేసే మిషను పక్కన రెండేళ్ళు పడుకుని పోయాడు.

"మేస్త్రీ సూసేడంటే నన్ను దిగనివ్వడు. గొట్టం అటు తేలీదాకా నోరు మూసుకోరా."

"తేలిన్రోజే పలాస ఆసుపత్రికి ఎల్దాం. అక్క మీద ఒట్టెయ్యి."

ఫిలిప్పు ఒట్టేశాడు. డేనియల్ అక్క కెజియాకి చెప్పలేదు.

ఆ పనిలో హాజరు పుస్తకం లేదు. గొట్టంలోకి దిగేవాడు గొయ్యి ఒడ్డున చెప్పులు విడిచి దిగాలి. చెప్పులుంటే మనిషి లోపలున్నట్టు. మేస్త్రీ చిట్టిబాబు ఒడ్డు ఖాళీగా ఉంటేనే జాకీ వేయిస్తాడు.

"ఏటి ఫిలిప్పూ, పెళ్ళికొడుకు నాగ అడుగులేత్తన్నావు?" అన్నాడు ఆ ఉదయం.

"కొత్త సెప్పులు మేస్త్రీ, కరుత్తన్నాయి."

మూడేళ్ళనాటి చెప్పులవి. పట్టీలు కోసి, తాడుతో వదులుగా కట్టుకున్నాడు. వాటిని విడిచి గొయ్యిలోకి దిగుతూ డేనియల్ వైపు ఒకసారి చూశాడు.

పదింటికి లోపల గునపం చప్పుడు మారింది. గొట్టం చివర వెలుతురు కనపడింది. పైన అందరూ సంబరంగా కేకలు వేశారు. చిట్టిబాబు సెల్లులో ఇంజనీరుకి కబురు చెప్పి గొట్టంలోకి వంగాడు.

"ఫిలిప్పూ, బయటికి రా! ఆకరి జాకీ ఏసీద్దాం!"

పలుకు లేదు. ఒడ్డున చెప్పులు వానకి తడుస్తున్నాయి. పావుగంట చూశారు. మట్టి మీద పడిందేమోనని డేనియల్ లోపలికి పాకాడు. తల మీద గూడ్సు బండి వెళ్ళింది. ఇనుము అదురుతుంటే బోర్లా పడుకుని, అది పోయాక మళ్ళీ పాకాడు.

చివర మనిషి పట్టేంత కన్నం. గునపం పక్కకి ఆనించి ఉంది. అవతలి గొయ్యి నిచ్చెన మెట్ల మీద తడిమట్టి. పైన బురదలో ఉత్తికాళ్ళ అడుగులు, వేళ్ళు విడిగా పడనంత వాచిన పాదాలవి. స్టేషను వైపు వెళ్ళాయి. ఉత్తికాళ్ళ మనిషొకడు పలాసకి ఎదురు దిక్కు పోయే పాసింజరు ఎక్కాడని, అది అప్పుడే కదిలిపోయిందని రైలు గేటు దగ్గర గేదెలు కాస్తున్న అప్పలమ్మ చెప్పింది.

"సెప్పులున్నాయి గదరా, లోపలే ఉంటాడు, సరిగ్గా సూడు!" అని గొట్టం అటు చివరనుంచి చిట్టిబాబు అరుస్తూనే ఉన్నాడు.